బోర్డు అంటే బల్ల ఒక్కటే కాదు

తమ్ముడూ,

నీ అనువాదం చదివాను. కథ మంచిది ఎంచుకున్నావు, సంభాషణలు హాయిగా నడిచాయి. కానీ పనికి కుదిరిన కుర్రాడికి యజమానురాలు జీతంతో పాటు ‘గది, బల్ల’ ఇస్తానన్న చోట ఆగిపోయాను. ఇంగ్లీషు మూలంలో అక్కడున్నది ‘రూమ్ అండ్ బోర్డ్’. అందులో ‘బోర్డ్’ అంటే భోజనం. ‘తిండీ బసా నాదే’ అని ఆమె చేత అనిపిస్తే సరిపోయేది.

నువ్వు డిక్షనరీ చూశావు, మొదటి అర్థం దగ్గరే ఆగావు. ఇలాంటి మాట తగిలితే దాని వెనకున్న వస్తువును పట్టుకో. పాత ఇంగ్లీషులో బోర్డ్ అంటే కోసిన చెక్క పలక. పలక భోజనాల బల్ల అయింది, బల్ల మీది భోజనానికీ అదే పేరు వచ్చింది. బోర్డింగ్ స్కూల్లో బోర్డింగ్ ఈ తిండీ బసాలదే. బల్ల చుట్టూ కూర్చుని వ్యవహారం తేల్చేవాళ్లూ బోర్డే అయ్యారు. కంపెనీ డైరెక్టర్లు అలా వచ్చినవాళ్లే. కప్‌బోర్డ్ మొదట్లో తలుపుల బీరువా కాదు, గిన్నెలూ కప్పులూ పేర్చిపెట్టే బల్ల. పేకాటలో చేతులు బల్ల కిందికి పోకుండా ఆడటం నుంచి ‘అబవ్ బోర్డ్’ వచ్చింది. దాన్ని ‘దాపరికం లేకుండా’ అని రాయి, బల్లను వదిలెయ్.

ఓడ పక్క భాగానికీ బోర్డ్ అనే పేరు. అందుకే ఓడెక్కితే ‘అబోర్డ్’. విమానానికి బోర్డింగ్ పాస్ కూడా ఓడల నుంచి వచ్చిందే. నీ రెండో కథలో ‘స్టార్‌బోర్డ్’ ఉంది కదా, అది నక్షత్రాలకు సంబంధించింది కాదు. ఓడను మళ్లించే తెడ్డు పూర్వం కుడి పక్కన ఉండేది. ‘స్టీర్’ చేసే పక్క కాబట్టి ఆ పేరు. ఎడమ పక్కను లార్‌బోర్డ్ అనేవారు. గాలి హోరులో రెండు కేకలూ ఒకేలా వినబడితే ప్రమాదమే. అందుకని 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను తీసేసి ‘పోర్ట్’ అనమంది. నువ్వు మాత్రం ‘అతని కుడివైపు’ అని రాశావు. ‘ఓడ కుడి పక్క’ అని రాయాలి. వెనక్కి తిరిగి నిలబడ్డ నావికుడికి అది ఎడమ చేతివైపే ఉంటుంది.

మన బల్ల కూడా కొంత దూరం ఇలాగే నడిచింది. బల్ల మీద కూర్చుంటాం, బల్ల మీద తింటాం, బల్లకట్టు మీద కృష్ణ దాటుతాం, బల్ల గుద్ది చెబుతాం. కానీ బల్ల మనకు భోజనమూ కాలేదు, పాలకమండలీ కాలేదు. అనువాదం తడబడేది ఇక్కడే.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ముఖ్యం. నీ సొంత కథలో బోర్డు అనే మాట వస్తే భయపడి కొట్టెయ్యకు. డిపాజిట్లు కట్టించుకుని రాత్రికి రాత్రి మాయమైన కంపెనీని ‘బోర్డు తిప్పేసింది’ అంటాం. అది ఇంగ్లీషు వాళ్లు ఇచ్చింది కాదు, మన వీధుల్లో పుట్టింది. ‘సంస్థ మూతపడింది’ అని రాస్తే మోసపోయినవాడి మంట అందులో రాదు. పదో తరగతి పిల్లకు బోర్డు ఎగ్జామ్స్ టెన్షన్ ఉంటే అలాగే ఉండనీ.

స్టార్‌బోర్డ్ ఉన్న పేజీ సరిచేసి, కథ మొత్తం మళ్లీ పంపు. పత్రికకు పంపే ముందు ఇంకోసారి చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య