అన్ని టెస్టులూ పాసై సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యాక మళ్లీ టెస్టింగ్ ఎందుకు?

టెస్ట్ సర్వర్‌లో డేటా తక్కువ, నెట్‌వర్క్ శుభ్రం, యూజర్లు బుద్ధిమంతులు. లైవ్‌లో ఈ మూడూ ఉండవు కాబట్టి.

రిలీజ్‌కి ముందు యూనిట్ (ఒక్కో భాగానికి), ఇంటిగ్రేషన్ (భాగాలు కలిపి) టెస్టులు ఎలాగూ చేస్తారు. వదిలేసేది లోడ్ టెస్టు (ఒకేసారి ఎక్కువమంది వాడితే తట్టుకుంటుందా అని), అంతకంటే ఎక్కువగా నెట్‌వర్క్ బాగోలేనప్పటి టెస్టు. లినక్స్‌లో దీనికి నెట్‌ఎమ్ (netem) అనే, నెట్‌వర్క్‌ని కావాలని పాడుచేసే టూల్ ఉంది. డేటా ప్యాకెట్లను 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, ఓ 2 శాతం పారేయండి. టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే గడువు) సరిగా పెట్టని కోడ్ అక్కడే దొరికిపోతుంది. పింగ్‌కి అవతలి యంత్రం నుంచి జవాబు వస్తోంది కదా అని ఊరుకోకుండా ఐపెర్ఫ్ (iperf) టూల్‌తో బ్యాండ్‌విడ్త్ (సెకనుకి ఎంత డేటా వెళ్తోందో) కూడా కొలవాలి.

ఇక రిలీజ్. ఒకేసారి అందరికీ వదలకూడదు. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. ఆ ఫైలు దశలవారీగా వెళ్లలేదు. ముందు 1 శాతం మందికి ఇచ్చి, ఎర్రర్లు చూసుకుంటూ పెంచాలి. రెస్పాన్స్ టైమ్ సగటు చూస్తే మోసపోతాం, నూటికి ఒక్కరికి ఎంత ఆలస్యమవుతోందో చూడాలి. రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం) కూడా ముందే ఒకసారి చేసి చూడాలి (ఇది చేసేవాళ్లు బహు తక్కువ).

నెట్‌ఫ్లిక్స్ వాళ్ల కేయాస్ మంకీ అనే టూల్ లైవ్ సర్వర్లనే కావాలని ఆపేస్తుంది, అదీ ఇంజనీర్లు అందుబాటులో ఉండే పనివేళల్లో. చిన్న టీమ్‌కి అంత అక్కర్లేదు. ప్రతి నిమిషం బయటినుంచి లాగిన్ అయి చూసే స్క్రిప్టు ఒకటి పెట్టండి, అప్పుడప్పుడూ మెయిన్ లింకు కేబుల్ పీకి ట్రాఫిక్ బ్యాకప్ లింకు మీదికి మారుతోందో లేదో చూడండి.