మామిడితోటల కరెంటు లేకుండ ల్యాప్‌టాప్ నడుస్తదా?

కొల్లాపూర్ కాడ తోటల కాయ తెంపే రోజులు అక్కడనే ఉండాలె, కరెంటు లేదు, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొంటే ల్యాప్‌టాప్ నడుస్తదా, నెట్ సంగతేంది అని అడిగిన్రు. నడుస్తదన్నా, కానీ ఆ ఎంఏహెచ్ నంబరు చూసి మాత్రం కొనకుండ్రి. మా చెలక దేవరకొండ దిక్కు, అక్కడికి ఇంకా లైన్ రాలే, పత్తి ఏరేటప్పుడు నేను చెట్టుకింద కూసొనే ఆఫీసు పని చేస్త, అందుకే చెప్తున్న.

20000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్లు 3.7 వోల్టుల మీద లెక్క. గుణించి వెయ్యితోటి భాగిస్తే 74 వాట్ అవర్లు (అండ్ల ఎంత కరెంటు దాగుంటదన్న లెక్క), వేడికి గిట్ల కొంత పోంగ 60 దాకా చేతికొస్తది. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద గూడ వాట్ అవర్లు రాసి ఉంటయ్, చాలావాటికి 45, 50 ఉంటయ్, అంటే ఒక్కసారి ఫుల్ అయితది, అంతే. ఇంకోటి, ఫోన్ల కోసం చేసిన 18 వాట్ల పవర్ బ్యాంకు ఎంత పెద్దదైనా చాలా ల్యాప్‌టాపులు దాంతోటి ఎక్కయి. టైప్ సి పోర్టుల పీడీ (పవర్ డెలివరీ, అంటే ఎక్కువ వాట్లు ఇచ్చే ఛార్జింగ్ పద్ధతి) 65 వాట్లు అని ఉండాలె, కేబుల్ 100 వాట్లది తీసుకోండ్రి, మీ ల్యాప్‌టాప్ గూడ టైప్ సి తోటి ఛార్జింగ్ తీసుకునేదై ఉండాలె, అది ముందుగాల చూసుకోండ్రి.

మీ ల్యాప్‌టాప్ టైప్ సి కాకుండ గుండ్రటి పిన్ను ఛార్జర్‌ది అయితే ఇన్వర్టర్ పెడ్తరు గానీ 12 వోల్టులను 230 చేసి మళ్ల 19కి దించుడంటే రెండుసార్లు కరెంటు వేస్ట్ అయితది. కారు ఉంటే ఊర్లెకు పోయొచ్చేటప్పుడు 12 వోల్టుల సాకెట్‌కు పీడీ కారు ఛార్జర్ పెట్టుండ్రి, మస్తు నయం. బైకు బ్యాటరీ జోలికి పోకుండ్రి, అండ్ల ఉన్నదే జరంత, పొద్దుమీకి బండి స్టార్ట్ కాదు.

సోలార్ అంటే 100 వాట్ల ప్యానెల్ 60, 70 ఇస్తే మంచిగిచ్చినట్టే, మన ఎండలకు ప్యానెల్ కాలిపోతుంటది, వేడెక్కినకొద్దీ కరెంటు తగ్గుతది. 12 వోల్టుల ప్యానెల్ అని పేరే గానీ ఖాళీగ ఉన్నప్పుడు 21, 22 వోల్టులు వస్తది, నడుమ కంట్రోలర్ (వోల్టులను అదుపుల పెట్టే డబ్బా), బ్యాటరీ లేకుండ ల్యాప్‌టాప్‌కు అస్సలు కలపకుండ్రి. ప్యానెల్ ఎండల పెట్టి పవర్ బ్యాంకును నీడకే ఉంచాలె. 45 డిగ్రీలు దాటినంక ఛార్జ్ చేస్తే లిథియం సెల్లు పాడైతది, మే నెల మధ్యాహ్నం ఎండల పెడితే అంత వేడెక్కుడు మనకు రోజుండే ముచ్చటే.

నెట్‌కు హాట్‌స్పాట్ కన్నా కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కేబుల్ మీదనే ల్యాప్‌టాప్‌కు ఇచ్చుడు) చేయుండ్రి, ఫోన్ అంతగ వేడెక్కదు, దాని ఛార్జింగ్ గూడ దిగదు, కాకపోతే ఫోన్ ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఛార్జింగ్ తింటది, ఆ లెక్క గూడ వేసుకోండ్రి. సిగ్నల్ తక్కువున్నకాడ ఫోన్ టవర్‌ను అందుకోనీకె ఎక్కువ పవర్ గుంజుతది, పొడుగు కేబుల్ తోటి కొమ్మకు కట్టి మీద పెడితే ఒక్కోసారి బాగనే తేడా ఉంటది. ఏ సిమ్ పనిచేస్తదో పక్కచేను వాళ్లను అడిగి రెండోది అదే వేసుకోండ్రి. విండోస్ అయితే ఆ కనెక్షన్‌ను సెట్టింగ్స్‌ల మీటర్డ్ (డేటా లెక్కగ వాడాలె అని) పెట్టుండ్రి, లేకుంటే అప్‌డేట్లు దిగి డేటా, బ్యాటరీ రెండూ ఒడుస్తయ్.