అమ్మాయి ‘విల్ బీ దేర్’ అంది, అయితే ఏమైంది?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. మొన్న కాలేజీలో మాక్ ఇంటర్వ్యూ పెట్టి మీ ఊరి గురించి చెప్పమంటే ‘ఇన్ మై విలేజ్ వన్ బిగ్ టెంపుల్ విల్ బీ దేర్’ అందట. అందరూ నవ్వారట. అప్పటి నుంచి ఇంగ్లీష్‌లో నోరు విప్పడం లేదు. వుడ్, షుడ్, మస్ట్ ఎక్కడ ఏది వాడాలో తెలియట్లేదని ఏడుస్తోంది. అమెరికన్ యాక్సెంట్ నేర్పే మూడు నెలల కోర్సు ఉంది, ఫీజు 60 వేలు. అందులో చేర్పించమంటారా, ఇంట్లోనే గ్రామర్ పుస్తకం చదివించమంటారా? మా అక్క కూతురు మాత్రం గడగడా మాట్లాడుతుంది. – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే. మీ మనసు మాత్రం ఆ చివరి వాక్యంలో ఉంది. అక్క కూతురి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అమ్మాయి చేసిన తప్పు ఎంత పెద్దదో చూద్దాం.

ఆమె తెలుగులో సరిగ్గా ఆలోచించింది. ‘మా ఊళ్లో పెద్ద గుడి ఉంటుంది’ అనుకుని, ఆ ‘ఉంటుంది’ని అలాగే ఇంగ్లీష్‌లో పెట్టింది. మన ‘ఉంటుంది’ ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. ఎప్పుడూ ఉండే గుడికీ అదే, రేపు జరగబోయే మీటింగ్‌కీ అదే. ఇంగ్లీష్‌లో గుడికి ‘దేర్ ఈజ్’, మీటింగ్‌కి ‘దేర్ విల్ బీ’. డిగ్రీలో ఉన్నప్పుడు నేనూ మా లెక్చరర్‌తో ‘మై ఫాదర్ విల్ బీ ఇన్ ద విలేజ్’ అన్నాను. ఆయన ‘ఎప్పుడు వెళ్తున్నారు?’ అని అడిగారు. మా నాన్న ఊరు దాటి ఎక్కడికీ వెళ్లేవారు కాదు!

‘ఉండాలి’తో చిక్కు ఇంకా ఎక్కువ. ‘గేటు దగ్గర వాచ్‌మన్ ఉండాలి’ అంటే అది రూలా, మన అంచనానా? తెలుగులో గొంతును బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీష్‌లో మాట మార్చాలి. పుస్తకాల్లో దీన్ని పట్టికలు గీసి చెప్తారు. మీ అమ్మాయికి బస్టాండ్ చాలు.

పది గంటలకు బస్సు ఉందని ఖాయంగా తెలిస్తే ‘దేర్ ఈజ్ ఎ బస్ ఎట్ టెన్’. రోజూ వస్తుంది కాబట్టి ఈరోజూ రావాలి అనుకుంటే ‘దేర్ షుడ్ బీ ఎ బస్’. బోర్డు మీద పదింటికి అని రాసి ఉంది, పదింబావు అయింది, బస్సు జాడ లేదు. అప్పుడు ‘దేర్ ఈజ్ సపోజ్డ్ టు బీ ఎ బస్’. ఇందులో కొంచెం విసుగు కూడా ఉంటుంది. ఉండొచ్చేమో, నమ్మకం లేదు అంటే ‘దేర్ మైట్ బీ’. ఇక ఈరోజు ఆదివారం, బస్సు లేదు, వేరే రోజైతే ఉండేది అని ఊహిస్తే ‘దేర్ వుడ్ బీ ఎ బస్ ఇఫ్ ఇట్ వర్ నాట్ సండే’. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చెప్పడమే ఇక్కడ వుడ్ పని. పిల్లలు ‘ఇఫ్’ పక్కనే ‘వుడ్’ పెట్టేస్తారు. ‘ఇఫ్’ వైపు ‘వర్’, రెండో వైపు ‘వుడ్’ అని గుర్తు పెట్టుకోమనండి.

‘మస్ట్’ దగ్గర ఒక గోతి ఉంది. లోపల లైటు వెలుగుతోంది, ఎవరో ఉండి ఉంటారు అంటే ‘దేర్ మస్ట్ బీ సమ్‌వన్ ఇన్‌సైడ్’. దీనికి వ్యతిరేకం ‘మస్ట్ నాట్ బీ’ అనుకుంటారు. అలా అంటే సాధారణంగా ‘ఉండకూడదు’ అని నిషేధంలా వినిపిస్తుంది. ఎవరూ ఉండి ఉండరు అనడానికి ‘దేర్ కాంట్ బీ ఎనీవన్’ అనాలి.

మన ‘ఉండేది’, వాళ్ల ‘వుడ్’ మాత్రం దాదాపు అక్కాచెల్లెళ్లు. గడిచిపోయిన రోజుల అలవాటుకూ వాడతారు, జరగనిదాన్ని ఊహించడానికీ వాడతారు. అయితే ‘గుడి ముందు వేపచెట్టు ఉండేది’ అనడానికి వుడ్ పనికిరాదు, ‘దేర్ యూజ్డ్ టు బీ’ అనాలి. ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే ‘షుడ్ దేర్ బీ ఎనీ డిలే’కి అర్థం ఆలస్యం జరగాలని కాదు, ఒకవేళ ఆలస్యమైతే అని. ఇంతే, ఇంతకు మించి ఇప్పుడామెకు అక్కర్లేదు.

ఉద్యోగానికి ఇది ఎందుకు పనికొస్తుందో చెప్తాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో బగ్ (ప్రోగ్రాంలో దొరికిన లోపం) గురించి రాసేటప్పుడు ఏం ఉండాలి, ఏం ఉంది అనేవి విడివిడిగా రాస్తారు. ‘దేర్ షుడ్ బీ యాన్ ఎర్రర్ మెసేజ్’, ‘దేర్ ఈజ్ నో ఎర్రర్ మెసేజ్’. ఈ రెండు వాక్యాల మధ్యే బగ్ ఉంటుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకైతే ఈ మాటల అర్థాలు చెప్పడానికే 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం వచ్చింది. అందులో మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే సరైన కారణం ఉంటే, పర్యవసానాలు తెలిసి, పక్కన పెట్టొచ్చు. మే అంటే మీ ఇష్టం. ఇంజినీర్లే కూర్చుని రాసుకోవాల్సి వచ్చిందంటే, మీ అమ్మాయి తికమకపడటంలో వింతేముంది?

ఇక ఆ 60 వేల కోర్సు. నాకు దాని మీద నమ్మకం లేదు. యాక్సెంట్ నేర్చుకున్నాక కూడా ఆమె ‘టెంపుల్ విల్ బీ దేర్’ అనే అంటుంది, కాకపోతే అమెరికా యాసలో అంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావాల్సింది మాట స్పష్టంగా అర్థం కావడం. ఐఈఎల్‌టీఎస్‌లో (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష) కూడా ఉచ్చారణకు మార్కులు ఉంటాయి కానీ ఫలానా దేశం యాసే కావాలని లేదు. విదేశీ కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు యాక్సెంట్ శిక్షణ కొంత ఉపయోగమే, కాదనను. మీ అమ్మాయి వెళ్తున్నది అటు కాదు. చేర్పించాలనే ఉంటే ముందు డెమో క్లాసులో కూర్చుని ఒక్కొక్కరు ఎంతసేపు మాట్లాడారో గడియారం చూడండి. గంట క్లాసులో 40 మంది ఉంటే, సార్ అసలు నోరు తెరవకపోయినా మనిషికి నిమిషంన్నర వస్తుంది. ఆయన నోరు తెరవకుండా ఉంటారా?

గ్రామర్ పుస్తకం మొత్తం చదివించడం కూడా వృథానే. ఇంట్లో ఉన్న ఏ పుస్తకంలోనైనా మోడల్స్ (వుడ్, షుడ్, మస్ట్ లాంటి మాటలు) పాఠం ఒక్కటి తీయమనండి. రోజూ పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుంటూ, హాస్టల్ గదిలో ఏముంది, ఏం ఉండాలి, డబ్బుంటే ఏం ఉండేది అని గట్టిగా చెప్పుకోమనండి. మర్నాడు తనే విని తప్పులు పట్టుకుంటుంది. రెండు నెలలు ఇలా చేశాక కూడా మాట రాకపోతే అప్పుడు మంచి టీచర్‌ని వెతుకుదాం. మూడో సంవత్సరమే కదా, టైముంది.

ఇప్పుడు అక్క కూతురి సంగతి. కోపం తెచ్చుకోకండి అమ్మా. క్లాసులో నవ్వినవాళ్లు ఒక్కసారి నవ్వి ఊరుకున్నారు. ఇంట్లో ఈ పోలిక ఎన్నిసార్లు వినిపించిందో మీరే లెక్కపెట్టుకోండి. ఆ పిల్ల ఏ మీడియంలో చదివిందో, ఇంట్లో ఏ భాష విన్నదో పక్కన పెట్టి, మార్కుల జాబితాలా పోల్చడం అన్యాయం. నోరు విప్పితే తప్పు దొరుకుతుందని భయపడే పిల్లకు ఏ కోర్సూ మాట నేర్పలేదు. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫరవాలేదు. మీరు తెలుగులో అడగండి, ఆమె ఇంగ్లీష్‌లో చెప్తుంది. మధ్యలో సరిదిద్దకండి.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఫీజు మాట ఎత్తకుండా, సాయంత్రం ఆ గుడి దాకా నడిచి వెళ్లండి. గుడిలో ఏమేం ఉన్నాయి, చిన్నప్పుడు ఏం ఉండేవి, జాతర రోజైతే ఏం ఉంటాయి అని అడగండి.