తండ్రీ కొడుకుల మనాలి యాత్రకు చీటీ పాడాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతును. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌కు వెళ్తే ఇక మాకు దొరకడు. ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. వాడికి మంచు కొండలు చూడాలని ఉంది. ఒంగోలులో ఒక ఏజెంటు విమానంలో తీసుకువెళ్లి ఐదు రోజుల్లో మనాలి చూపిస్తానని, ఇద్దరికీ కలిపి 1,10,000 రూపాయలు అడుగుతున్నాడు. నాకు 2 లక్షల చీటీ ఉంది, ఇంకా ఎనిమిది నెలలు మిగిలింది. అది ఈ నెలలో పాడితే 1,70,000 వస్తుంది, చివరి నెల వరకు ఉంచితే కమీషన్ 10,000 పోను 1,90,000 వస్తుంది. రెండు గేదెల పాలడబ్బు కూడా వస్తోంది. లేదా మా ఇంట్లో వాళ్ల నగలు బ్యాంకులో పెట్టవచ్చు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దని మొదటే చెప్పి, కారణాలు వివరిస్తాను. అయితే ప్రయాణం మానుకోవలసిన అవసరం మాత్రం మీకు లేదు.

మీ చీటీని చివరి నెల వరకు ఉంచితే నిర్వాహకుడి కమీషన్ 10,000 పోను 1,90,000 చేతికి వస్తుందని మీరే రాశారు. అంటే ఎనిమిది నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరు వదులుకునేది 20,000 రూపాయలు. 1,70,000 మీద ఎనిమిది నెలలకు ఇంత సొమ్మంటే, మన ఊళ్ల లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే. పైగా ఆ చీటీ వచ్చే జూన్‌లో ముగుస్తుంది, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్, ఫీజులు, హాస్టల్ అడ్వాన్సు వరుసగా వచ్చిపడేదీ ఆ తరువాతి వారాలలోనే. ఆ డబ్బును ఇప్పుడు కదిలిస్తే జూలైలో మళ్లీ అప్పు కోసం తిరగవలసి వస్తుంది. ఇక నగల సంగతి: తండ్రీ కొడుకులు కొండలు చూసి రావడానికి, ఆ ప్రయాణంలో లేని ఇల్లాలి బంగారం తాకట్టుకు వెళ్లడం లెక్కల పుస్తకంలోనే కాదు, ఇంట్లో కూడా నిలిచే పద్ధతి కాదు.

ఏజెంటు చెప్పిన ధర మోసమని నేను అనను. విమానం టికెట్లు, కారు, హోటలు కలిపి ఐదు రోజుల్లో తిప్పి తీసుకురావడానికి అంత కావచ్చు. కానీ ఆయన ప్రధానంగా అమ్ముతున్నది సమయం. నాలుగు రోజులకు మించి సెలవు దొరకని ఉద్యోగికి అది విలువైన సరుకే. మీకు ఆ కొరత లేదు. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ పనులు మార్చి చివరికి ముగిసి, మళ్లీ నారుమళ్లు ఆగస్టు ప్రాంతంలో మొదలవుతాయి కనుక జూన్ మొదటి పక్షం మీకు తీరికైన కాలం. అప్పటికి అబ్బాయి ఇంటర్ పరీక్షలు, మేలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా అయిపోతాయి. హిమాచల్‌లో అప్పటికింకా వానలు ముదరవు. తీరిక మీ దగ్గర ఉండగా దాన్ని డబ్బిచ్చి కొనడం ఎందుకు? పైగా మీరు కోరుకుంటున్నది అబ్బాయితో గడిపే సమయం. ఒంగోలు నుంచి ఢిల్లీకి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో ముప్పై గంటలు దాటుతుంది. ఎదురెదురు బెర్తులలో కూర్చున్న ఆ ముప్పై గంటలు విమానంలో వెళ్తే మీకు దొరకవు.

మూడో తరగతి ఏసీ రైలు టికెట్లకు రానుపోను ఇద్దరికీ 10 వేలు, ఢిల్లీ నుంచి మనాలికి రాత్రి బస్సులకు 7 వేలు, మనాలిలో నాలుగు రాత్రుల గదికి 10 వేలు, ఢిల్లీలో వెళ్లేటప్పుడు ఒకరోజు, వచ్చేటప్పుడు ఒక రాత్రి బసకు 5 వేలు, తిండికి 11 వేలు, స్థానికంగా తిరగడానికి 8 వేలు, చలి బట్టలకు 4 వేలు, అనుకోని ఖర్చుకు 5 వేలు వేసుకోండి. మొత్తం 60 వేలవుతుంది. ఇవి నా అంచనాలు, జూన్ రద్దీలో గది అద్దె కొంత పెరగవచ్చు. రోహ్‌తంగ్ కనుమకు వెళ్లే వాహనాలకు పర్మిట్ కావాలి, దాని పేరుతో టాక్సీవారు ఎక్కువ అడుగుతారు. 2020లో ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి సిస్సు వైపు వెళ్తే ఆ ఖర్చు తగ్గుతుంది, పర్మిట్ బెడదా ఉండదు.

ఈ 60 వేలు మీ ఆదాయం వచ్చే తీరును బట్టే కూడాలి. రెండు గేదెల పాలడబ్బు వస్తోందని రాశారు కనుక, అందులో నెలకు 3 వేల చొప్పున ఈ అక్టోబరు నుంచే ఏడు నెలల రికరింగ్ డిపాజిట్ బ్యాంకులో మొదలుపెట్టండి. మేలో 21 వేలు చేతికి వస్తాయి. వడ్డీ ఐదు వందలు కూడా దాటదు, కానీ ఆ డబ్బు ఎరువుల దుకాణానికి పోకుండా ఆగుతుంది, మనకు కావలసింది అదే. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్లది, మూడేళ్లలోపు మూసే వీలు లేదు కనుక దీనికి పనికిరాదు. పొగాకు వేలం మొదలయ్యాక తొలి అమ్మకాల సొమ్ము బ్యాంకు అప్పుకు, కూలీలకు పోనివ్వండి. అందులోంచి రైలు టికెట్లకు 10 వేలు మాత్రమే తీయండి. మిగతా 29 వేలు మే నెల అమ్మకాల నుంచి పక్కన పెట్టండి.

ధర పడితే ఏమిటన్నది మీకు నేను చెప్పనక్కరలేదు. 2025లో కొనేవారు ముందుకు రాక నల్ల బర్లీ రకం పొగాకును రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ కొనవలసి వచ్చిన సంగతి జిల్లా అంతా చూసింది. మే 10 నాటికి ఆ 29 వేలు కూడకపోతే మనాలి టికెట్లు రద్దు చేసుకోండి. పాలడబ్బు 21 వేలతోనే విశాఖ, అరకు, బొర్రా గుహలు ఐదు రోజులు హాయిగా చూసి రావచ్చు. ఈ మాట అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇంటి ఆదాయం ఎలా వస్తుందో పదిహేడేళ్లవాడు తెలుసుకోవడంలో తప్పు లేదు, అప్పటికప్పుడు ప్రయాణం మార్చితేనే నొచ్చుకుంటాడు.

హోటలుకు మొత్తం సొమ్ము ముందే పంపవద్దు. రద్దు చేస్తే తిరిగి ఇచ్చే గదులనే ఎంచుకోండి. ప్రయాణానికి వేరే ఖాతా పెట్టి, ఫోన్‌ చెల్లింపులకు దాన్నే జోడించండి, పంట డబ్బున్న ఖాతాను ఆ ఫోన్‌లో ఉంచవద్దు. రైలు టికెట్టు ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు రూపాయి కూడా ఉండని ప్రయాణ బీమాను ఎంచుకుని, నామినీగా మీ భార్య పేరు నింపండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కనుక జూన్ 5న బయలుదేరాలంటే ఏప్రిల్ 6 ఉదయం 8 గంటలకు టికెట్టు చూడాలి. జూన్ 14 తిరుగు టికెట్టు ఆ రోజు దొరకదు, దానికి ఏప్రిల్ 15న మళ్లీ కూర్చోవాలి.