క్రూయిజ్ షిప్‌లో డిన్నర్‌కు సూటు కావాలా?

హనుమకొండ నుంచి అమ్మానాన్నలను క్రూయిజ్‌కు పంపుతున్నాం, నాన్నకు సూటు కుట్టించాలా అని అడిగారు. చాలా షిప్పులకు అక్కర్లేదండి. మామూలు రాత్రుల్లో ప్యాంటు, కాలర్ ఉన్న చొక్కా చాలు. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ అనే కంపెనీ షిప్పుల్లో ఫార్మల్ దుస్తులు తప్పనిసరి కానే కావు. క్యూనార్డ్ అనే కంపెనీ షిప్పుల్లో మాత్రం ఇంకా పాత పద్ధతే: గాలా రాత్రుల్లో, అంటే ప్రత్యేక విందు రాత్రుల్లో, మెయిన్ రెస్టారెంట్‌కు ముదురు రంగు సూటు, టై వేసుకోవాలి. అక్కడ కూడా మన సంప్రదాయ దుస్తులు ఒప్పుకుంటారు. అమ్మ కట్టుకునే సిద్దిపేట గొల్లభామ చీర ఎలాంటి ఫార్మల్ నైట్‌కైనా నిండుగా ఉంటుంది; దయచేసి ఆమెకు గౌను కొనకండి. బఫేలో పట్టింపు తక్కువే. ఈత దుస్తులతో మాత్రం డైనింగ్ హాల్లోకి రానివ్వరు. ఏసీకి చలేస్తుంది, ఒక శాలువా కూడా సర్దండి.