మీరు అడిగారు: నలతగా ఉన్న కోడిని కోసుకోవచ్చా?

కరోనా లాంటిది ఇంకోటి రాకుండా మామూలు మనుషులం ఇంట్లో ఉండి ఏం చేయగలం అని ఈసారి చాలా ఉత్తరాలు వచ్చినాయి, ఎక్కువ మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచే. వాటిలో నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: సార్, మా ఇంట్లో నాటుకోళ్ళు ఉండాయి. నిన్నటి నుంచి రెండు కోళ్ళు రెక్కలు వాల్చేసి మూలన ముడుచుకోని కూర్చోనుండాయి, మేత ముట్టడం లేదు. చచ్చిపోతే దండగ, ఈలోపలే కోసి పులుసు పెట్టేద్దాం, ఉడికితే ఏమీ కాదు అంటా ఉంది మా అత్త. నిజమేనా?
– ఒక గృహిణి, పాకాల దగ్గర పల్లె

జవాబు: అమ్మా, కోయొద్దు. ఉడికితే ఏమీ కాదన్న మాట వరకు మీ అత్త చెప్పింది కరెక్టే, ముక్క లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే బర్డ్ ఫ్లూ వైరస్ బతకదు. మరి ఆ ముక్క పొయ్యి మీదికి పోయేలోపల ఏం జరుగుతాదో చూడండి. కోడిని పట్టుకుంటారు, అది రెక్కలు టపటపా కొట్టుకుంటాది, గొంతు కోస్తారు, వేన్నీళ్ళలో ముంచి ఈకలు పీకుతారు, పేగులు తీస్తారు, పిల్లోళ్ళు పక్కనే గొంతుక్కూర్చుని చూస్తా ఉంటారు, అదే చేత్తో చెమట తుడుచుకుంటారు, అదే కత్తిపీట మీద టమాటాలు తరుగుతారు. జబ్బు మనిషికి ఎక్కేది అక్కడే. 2025 మార్చిలో నరసరావుపేట వైపు రెండేళ్ళ పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది, పచ్చి కోడిముక్క నోట్లో పెట్టుకుందని అప్పుడు పేపర్లలో రాసినారు. ఆ వార్త చదివినప్పటి నుంచి నాకు ఇట్లాంటి ఉత్తరం కనపడితే వెంటనే జవాబు రాయాలనిపిస్తాది.

మీ కోళ్ళకి వచ్చింది బర్డ్ ఫ్లూనే అనడం లేదు నేను. నాటుకోళ్ళకి ఎక్కువగా తగిలేది కొక్కెర తెగులు, పచ్చగా పారుకుంటాయి, మెడ వంకర తిప్పేస్తాయి, దానికి టీకా ఉంది, మిగిలిన కోళ్ళకైనా వేయించండి. బర్డ్ ఫ్లూ అయితే మొహం వాచి, జుట్టు నీలంగా మారి, ఒకదాని వెనక ఒకటి పడిపోతాయి, కానీ కంటితో చూసి ఇది అది అని తేల్చేసే జబ్బులు కావు ఇవి, శాంపిల్స్ భోపాల్ ల్యాబ్‌కి పోయి వస్తేనే ఖాయం.

అందుకని ఆ రెండిటినీ వేరే గంప కింద మూసేయండి, ముట్టుకోవాల్సి వస్తే చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోని, ముక్కుకి గుడ్డ కట్టుకోని ముట్టుకోండి, తర్వాత సబ్బుతో బాగా రుద్ది కడుక్కోండి, పిల్లల్ని ఆ పక్కకి రానీయొద్దు. ఊర్లో పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేకుంటే 1962కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. చచ్చిపోతే మాత్రం వంకలోనో చెరువు గట్టునో పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. అన్నిటికంటే తప్పు ఏందంటే నలతగా ఉన్నదాన్ని గుట్టుగా సంతలో తక్కువ రేటుకి అమ్మేయడం, ఒక ఇంటి జబ్బుని పది ఊర్లకి పంపించేది అదే. 2024 ఫిబ్రవరిలో మన పక్కనే నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కదా, అట్లాంటప్పుడు ఎవరో ఒకరు ముందే నోరు తెరిచి చెప్తే ఎన్ని ఫారాలు మిగులుతాయో ఆలోచించండి. ఫోన్ చేసినామని ఊర్లో తిడతారేమో అని భయపడొద్దమ్మా.

ప్రశ్న: మాంసం తినడం వల్లే మహమ్మారులు వస్తున్నాయి, అందరూ మానేస్తే ఆగిపోతాయి అని నా ఫ్రెండ్ వాదిస్తున్నాడు. మా ఇంట్లో ఆదివారం కోడి లేకపోతే ముద్ద దిగదు. మానేయాల్సిందేనా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ ఫ్రెండ్ ఊరికే అనడం లేదు బాబూ. మనుషులకి కొత్తగా వస్తున్న అంటురోగాల్లో నాలుగింట మూడొంతులు జంతువుల నుంచి వచ్చినవే. కాకపోతే తినడం ఒక్కదాని మీదే నెట్టేస్తే అసలు సంగతి తప్పిపోతాది. 1998-99లో మలేసియాలో నిపా అనే వైరస్ జబ్బు ఎట్లా వచ్చిందో చూడు. పెద్ద పందుల ఫారం, దాన్ని ఆనుకోనే మామిడి చెట్లు, ఆ పండ్ల కోసం అడవి గబ్బిలాలు వచ్చేవి, అవి కొరికి పడేసిన పండ్లు పందులు తిన్నాయి, వేల పందులు ఒకేచోట కిక్కిరిసి ఉండేసరికి జబ్బు ఫారమంతా అంటుకుంది, అక్కడినుంచి పనోళ్ళకి ఎక్కింది. వంద మందికి పైగా చనిపోయినారు, పది లక్షల దాకా పందుల్ని చంపేయాల్సి వచ్చింది. ఆ జబ్బే 2018లో కేరళలో వచ్చి, తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది.

ఇది చదివితే మన తోతాపురి తోటలు గుర్తు రాలేదా? తోటలో రాలిన పండు మీద పంటిగాటు కనపడితే ఆ పక్క కోసేసి ఈ పక్క తినే అలవాటు మనకి ఉంది, అది మానేయాల. పండు మొత్తం పారేయండి, పశువులకి కూడా వేయొద్దు. అట్లని గబ్బిలాలు ఉన్నాయని మర్రిచెట్టు కొట్టేయొద్దు, ఉన్నచోటు పోతే అవి ఇంకా ఇళ్ళ దగ్గరికే వస్తాయి.

కోడి సంగతికి వస్తే, ఆదివారం తిను. రోజూ చికెన్ పకోడీ, రోజూ బిర్యానీ మాత్రం తగ్గించు, ఎందుకంటే చవక చికెన్‌కి గిరాకీ పెరిగే కొద్దీ ఒకే జాతి కోళ్ళని వేలకొద్దీ ఒకే షెడ్డులో కుక్కుతారు, వైరస్‌కి అంతకంటే మంచి చోటు ఇంకోటి దొరకదు. సంకటిలోకి కోడే ఉండాలని ఏముంది, చలికాలంలో పితికిపప్పు ముందు ఏ కోడికూరైనా దిగదుడుపే అని నేను గట్టిగా నమ్ముతా. ఇంక అడవి మాంసం, అంటే అడవిపంది, కుందేలు, ఉడుము, ఎవరు తెచ్చిచ్చినా ఒద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం అన్నది ఒకటి, అది ఏ జబ్బుతో ఉందో వేటాడినోడికీ తెలియదు, వండినోళ్ళకీ తెలియదు.

ప్రశ్న: ఆవుకి పొదుగువాపు వస్తే డాక్టరు యాంటీబయాటిక్ సూదులేసి, కొన్ని రోజులు పాలు కేంద్రానికి పోయొద్దన్నాడు. అంత పాలు పారబోయాలా?
– పాడిరైతు, పలమనేరు

జవాబు: పారబోయాల్సిందే అన్నా. నష్టమే, కాదనను. ఆ పాలల్లో మందు మిగిలి ఉంటాది, అది రోజూ కొంచెం కొంచెం కడుపులోకి పోతా ఉంటే మందుకి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి, దూడలకి పోసినా అంతే. కొలిస్టిన్ అని మనుషులకి చిట్టచివర్లో వాడే మందు ఉంది, దాన్ని కోళ్ళకి, పశువులకి ఇవ్వకుండా 2019లో కేంద్రం నిషేధించింది ఈ భయంతోనే. డాక్టరు ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఆగండి. ఇంకోటి, పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్యలో బ్రూసెల్లా (ఆవులకి ఈడ్చుకుపోయే జబ్బు, పచ్చిపాల నుంచి మనుషులకీ అంటుకుంటాది) టీకా ఒక్కసారి వేయించండి, పచ్చిపాలు ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దు.

ప్రశ్న: 300 రూపాయల దర్శనం టికెట్ నెలల ముందే బుక్ చేసుకున్నాం. ఇప్పుడు మా పాపకి జ్వరం, దగ్గు. మాత్ర వేసి తీసుకుపోవచ్చా?
– చిత్తూరు నుంచి ఒక తల్లి

జవాబు: తీసుకుపోవద్దమ్మా. టికెట్ పోతాదన్న బాధ నాకు అర్థమవుతాది. కానీ వైకుంఠం కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి పక్కన కూర్చునేది ముసలోళ్ళు, బాలింతలు, షుగర్ ఉన్నవాళ్ళు, వాళ్ళు తర్వాత రోజు ఏ రాష్ట్రానికి పోతారో తెలియదు. మాత్ర వేస్తే ఒళ్ళు చల్లబడతాది గానీ అంటుకునేది ఆగదు. పాపతో ఒకరు ఇంట్లో ఉండి, దగ్గు, జలుబు ఏమీ లేని వాళ్ళు మాస్కు పెట్టుకోని పోయి రండి. ఒంటి మీద దద్దుర్లు కూడా ఉంటే ఎవరినీ కలవనీకుండా ముందు డాక్టరుకి చూపించండి, తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నర వయసులో ఒకటి వేసే మీజిల్స్ టీకాలు రెండూ పడినాయా అని పాప కార్డులో చూసుకోండి.