సమాధానం: లంగరు మోటారు ‘టక్’మని ఆగిపోవడం గురించి
అయ్యా, మీ పడవలో స్విచ్ నొక్కితే సోలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత పరికరం) ‘టక్’మంటోంది గాని లంగరు ఎత్తే మోటారు తిరగడం లేదని రాశారు. ఆ శబ్దం వస్తున్నదంటే స్విచ్ పనిచేస్తున్నట్లే. కనుక మీకెవరో ఇచ్చిన, కొత్త మోటారు కొనమన్న సలహాను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లంగరు బరువును తాడుతో కట్టి ఆపి, ఒకరు రెండు మూడు సెకన్లు మాత్రమే స్విచ్ నొక్కుతుండగా, మరొకరు మల్టీమీటరుతో ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత మోటారు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ 11కు పైనే నిలిచి, మోటారుకు 8 మాత్రమే అందుతుంటే, లోపం నడుమ ఉన్న లగ్గుల్లోనో (వైరు చివర బిగించే లోహపు ముక్కలు), వైర్లలోనో, సోలినాయిడ్ కాంటాక్టుల్లోనో ఉంటుంది. తిరుపతిలో ట్రాక్టరు సెల్ఫ్ మోటార్లు బాగుచేసే నాకు, తడ నుంచి వచ్చిన ఒక పడవ వైరు పైకి కొత్తదానిలాగే కనిపించింది. తొడుగు కోసి చూస్తే లోపలి రాగి పచ్చబడి పొడిగా రాలింది. మోటారుకు పూర్తి వోల్టేజీ అందుతున్నా తిరగకపోతే, అప్పుడు బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) విప్పి చూడండి.